బ్లిట్జ్‌లో గెలిచిన ఎండ్‌గేమ్ చేజారిపోకుండా: సమగ్ర మార్గదర్శి

రూక్ (ఏనుగు) ఎక్కువ ఉంది, అవతలి వాళ్ళ దగ్గర ఒకే బంటు మిగిలింది, గడియారంలో పదకొండు సెకన్లు ఉన్నాయి. అక్కడి నుంచి కూడా డ్రా అయిపోయే గేములు బ్లిట్జ్‌లో, అంటే ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే ఉండే వేగవంతమైన చదరంగంలో, రోజూ కనిపిస్తాయి. ఓపెనింగ్‌లోనే పావు పోగొట్టుకుని ఓడిపోతే అంత బాధ ఉండదు. నలభై ఎత్తులు కష్టపడి ఆడి, గెలుపు చేతికి అందాక స్టేల్‌మేట్ (ఎదుటివాళ్ళ రాజుకి చెక్ లేకుండానే వాళ్ళకి ఆడే ఎత్తు ఏదీ మిగలక డ్రా కావడం) ఇచ్చేస్తే మాత్రం ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియదు. వెంటనే ఇంకో గేమ్ మొదలుపెడతాం, అదీ పోతుంది, రాత్రి పన్నెండైనా ఫోన్ పక్కన పెట్టలేం.

లీచెస్, చెస్.కామ్ లాంటి సైట్లలో 3+0, 3+2, 5+0, 10+0 (మొదటి అంకె నిమిషాలు, రెండోది ఇంక్రిమెంట్, అంటే ఎత్తుకి కలిసే సెకన్లు) ఆడుతూ, మిడిల్‌గేమ్ దాకా బాగానే వచ్చి చివర్లో జారిపోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎండ్‌గేమ్ (పావులు కొన్నే మిగిలిన చివరి దశ) థియరీ తెలియకపోవడం ఇందులో ఒక భాగం మాత్రమే. అసలు దెబ్బ తగిలేది ఎక్కడంటే, పది సెకన్లు మిగిలాక కూడా మనం కొత్తగా ఆలోచించాల్సిన పరిస్థితిలో ఉండటం వల్ల. ఆలోచన ముందే అయిపోవాలి, చివర్లో చెయ్యి మాత్రమే ఆడాలి. కింద చెప్పే అడుగులన్నీ దాని కోసమే.

మొదటి అడుగు: గేమ్ ఎక్కడ పోతోందో చూసుకోండి

మీ పాత గేముల్లో గెలుపు పొజిషన్ నుంచి ఓడిపోయినవి, డ్రా అయినవి ఒక పది ఏరండి. ఒక్కో గేమ్‌లో రెండు విషయాలు రాసుకోండి: ఎండ్‌గేమ్ మొదలైనప్పుడు మీ గడియారంలో ఎంత టైమ్ ఉంది, గెలుపు ఏ ఎత్తు దగ్గర పోయింది. లీచెస్‌లో గేమ్ అయ్యాక వచ్చే విశ్లేషణలో ప్రతి ఎత్తుకి ఎంత సేపు తీసుకున్నారో గ్రాఫ్ కూడా ఉంటుంది. చాలామంది దాన్ని తెరిచి చూడరు. కంప్యూటర్ చూపించే ఎర్ర గుర్తుల కన్నా ఆ గ్రాఫే ఎక్కువ చెబుతుంది.

కారణాలు సాధారణంగా మూడు రకాలుగా తేలతాయి. ఒకటి, పద్ధతి తెలియదు. రెండు నిమిషాలున్నా అదే తప్పు జరిగేది. రెండు, పద్ధతి తెలుసు కానీ టైమ్ లేదు. మూడోది, రెండూ ఉన్నాయి కానీ "ఇక గెలిచేశాం" అనుకుని ఎదుటివాళ్ళ ఎత్తు చూడటం మానేశారు. ఈ మూడింటికి మందు ఒకటి కాదు. టైమ్ లేక ఓడిపోయేవాళ్ళు ఎన్ని ఎండ్‌గేమ్ వీడియోలు చూసినా ఫలితం ఉండదు. మీది ఏ రకమో తేలాకే ముందుకు వెళ్ళండి.

రెండో అడుగు: ఎండ్‌గేమ్‌కి టైమ్ దాచండి

లెక్క చూద్దాం. ఒక్క రూక్‌తో ఒంటరి రాజుకి మేట్ చెయ్యడానికి, ఎంత కష్టమైన పొజిషన్ అయినా, తప్పు లేకుండా ఆడితే 16 ఎత్తులు చాలు. క్వీన్‌తో (మంత్రితో) అయితే 10. కానీ మనం తప్పు లేకుండా ఆడం కాబట్టి రూక్‌కి ఒక పాతిక ఎత్తులు వేసుకుందాం. ఇంక్రిమెంట్ లేని గేమ్‌లో మీ దగ్గర ఇరవై సెకన్లు ఉంటే ఎత్తుకి ఒక సెకను కూడా రాదు. అంతకు ముందు బంటుని క్వీన్ చెయ్యడానికి ఇంకో పదిహేను ఎత్తులు కావాలంటే మొదటే చేతులెత్తేయాలి.

అందుకని 3+0లో క్వీన్లు మార్పిడి అయ్యేసరికి కనీసం యాభై సెకన్లు, 5+0లో నిమిషంన్నర ఉండేలా చూసుకోండి. ఆ టైమ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఓపెనింగ్‌లో మీకు కంఠతా వచ్చిన లైన్లే ఆడండి, మొదటి పది ఎత్తులు ఇరవై సెకన్లలో అయిపోవాలి. ఇంకా ముఖ్యమైన చోటు ఇంకొకటి ఉంది. పావు గెలుచుకున్న తరవాత కూడా చాలామంది మెరుపు లాంటి ఎత్తు ఏదో ఉందేమోనని నలభై సెకన్లు వెతుకుతారు. పైచేయి వచ్చాక అంత వెతకాల్సిన పని లేదు. ఏ ఎత్తులో మన పావు పోదో, మన రాజుకి చెక్కులు పడవో ఆ ఎత్తు చాలు. అది మూడో మంచి ఎత్తు అయినా ఫరవాలేదు.

ఇక్కడే ఒక సలహా ఇస్తాను, చాలామందికి నచ్చదు. ఎండ్‌గేమ్ నేర్చుకోవాలనుకునే కాలంలో 3+0 మానేసి 3+2 గానీ 5+3 గానీ ఆడండి. ఎత్తుకి రెండు సెకన్లు కలుస్తుంటే, ఒకటిన్నర సెకన్లో ఆడినప్పుడల్లా మీ గడియారం పెరుగుతుంది. అప్పుడు మీ పద్ధతికి నిజమైన పరీక్ష జరుగుతుంది. కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో గెలిచిన ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్ళలో కూడా ఆట 15 నిమిషాలకి ఎత్తుకి 10 సెకన్లు కలిపి జరుగుతుంది. ప్రపంచ బ్లిట్జ్‌లో అదే 3+2. ఇంక్రిమెంట్ లేని ఆటలో చివరి పది సెకన్లు మౌస్ వేగం పోటీ. అదీ ఒక సరదాయే, కాదనను. దాన్ని చూసి "నాకు ఎండ్‌గేమ్ రాదు" అని కుంగిపోవడమే సరికాదు.

మూడో అడుగు: ఎండ్‌గేమ్‌లోకి దిగేటప్పుడు ఒక్కసారి ఆగండి

క్వీన్లు పోయిన క్షణంలో, లేదా పెద్ద మార్పిడి అయిన క్షణంలో, ఐదు నుంచి ఎనిమిది సెకన్లు ఖర్చు పెట్టండి. గేమ్ మొత్తంలో అంతకన్నా లాభసాటి ఖర్చు లేదు. అడగాల్సినవి: నేను ఏ బంటుతో గెలుస్తాను? నా రాజు ఎక్కడికి వెళ్ళాలి? వాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క ఆశ ఏమిటి? ఆ ఆశ ఒక పాస్డ్ పాన్ (ఎదుటి బంట్లేవీ ఆపలేని బంటు) కావచ్చు, మీ రాజు మీద చెక్కులు కావచ్చు. ముందు దాన్ని ఆర్పేయండి. ఆ తరవాత గెలుపు కోసం తొందరపడాల్సిన అవసరం ఉండదు.

మార్పిడుల విషయంలో పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: మీరు పైన ఉంటే పావులు మార్చండి, బంట్లు ఉంచుకోండి. కానీ చివరి పావు మార్చి, రాజులు, బంట్లు మాత్రమే మిగిలే ఆటలోకి దిగే ముందు తప్పకుండా లెక్క వెయ్యాలి. అక్కడ ఒక ఎత్తు తేడాతో గెలుపు ఓటమి అవుతుంది, డ్రా ఓటమి అవుతుంది.

దీనికి అందరికీ గుర్తున్న ఉదాహరణ 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్, స్కోరు 6.5–6.5. నల్ల పావులతో ఆడుతున్న గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, ఇద్దరి దగ్గరా ఒక రూక్, ఒక బిషప్ (శకటు). అందరూ డ్రా అనుకుంటున్నారు. 55వ ఎత్తులో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ రూక్‌ని ఎఫ్2కి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంటే ఫైల్; అంకె అడ్డ వరుస) తెచ్చి మార్పిడికి ఇచ్చారు. గుకేశ్ రూక్‌ని తీసుకుని, వెంటనే బిషప్‌ని డి5లో పెట్టాడు. డింగ్ బిషప్ ఏ8 మూలలో ఇరుక్కుని ఉంది, ఆ ఒక్క ఐమూల దారి (డయాగనల్) తప్ప దానికి వేరే దారి లేదు. కాబట్టి బిషప్‌లు కూడా మారక తప్పదు. మిగిలిన రాజు-బంట్ల ఆటలో నలుపుదే గెలుపు. 58వ ఎత్తు అయ్యాక డింగ్ ఓటమి ఒప్పుకున్నారు, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అది క్లాసికల్ గేమ్, ఎత్తుకి 30 సెకన్లు కలిసే దశ. ఒక మార్పిడి వెనకే ఇంకో మార్పిడి తప్పనిసరి అవుతుందా అన్న ప్రశ్న ఆ స్థాయిలో కూడా తప్పిపోగలిగితే, బ్లిట్జ్‌లో మనం దాన్ని అలవాటుగా వేసుకోవాల్సిందే.

నాలుగో అడుగు: రెండు మేట్లు చేతికి పట్టేయాలి

క్వీన్‌తో మేట్, రూక్‌తో మేట్. "అవి నాకు వచ్చు" అని అందరూ అంటారు. పదిహేను సెకన్లలో వచ్చా అన్నదే ప్రశ్న.

క్వీన్‌తో మొదలుపెడదాం. క్వీన్‌ని ప్రత్యర్థి రాజుకి గుర్రం గెంతు దూరంలో పెడుతూ వెళితే రాజు దానంతట అదే అంచుకి చేరుతుంది. చెక్కులు అక్కర్లేదు. చెక్కులు ఇచ్చే కొద్దీ రాజు మళ్ళీ మధ్యలోకి పారిపోతుంది. అయితే ఈ పద్ధతిలో ఒక గొయ్యి ఉంది: రాజు మూలకి వెళ్ళిన ఎత్తులో మీరు గుర్రం గెంతు దూరం ఆపేయాలి. నల్ల రాజు ఏ8లో ఉండగా క్వీన్ బి6లో ఉన్నా, సి7లో ఉన్నా స్టేల్‌మేట్. ఈ రెండు గళ్ళూ కళ్ళకి ఎర్రగా కనిపించాలి. మిగతా మూడు మూలల్లో కూడా ఇవే ఆకారాలు.

దాని బదులు ఇలా చెయ్యండి. రాజు ఏ8, బి8 దగ్గరికి చేరగానే క్వీన్‌ని డి7లో పెట్టి వదిలేయండి. ఇప్పుడు ఆ రాజుకి ఏ8, బి8 రెండే గళ్ళు, అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. స్టేల్‌మేట్ భయం లేదు. మీరు క్వీన్‌ని తాకకుండా మీ రాజుని నడిపించుకుంటూ సి6కి తెచ్చుకోండి. తరవాత క్వీన్ బి7, మేట్. ఆ రాజు ఏ8లో ఉన్నా బి8లో ఉన్నా అదే మేట్. నడిచే దారిలో ఆలోచించాల్సిన ఎత్తు ఒక్కటి కూడా లేదు. చివరి పది సెకన్లకి కావాల్సింది సరిగ్గా ఇలాంటి పద్ధతే.

ఇక రూక్. ముందు రూక్‌తో ఒక వరుసని కోసేసి, మీ రాజుని దగ్గరికి తేవాలి. చివరి భాగం దగ్గరగా చూద్దాం. తెల్ల రాజు ఇ6, రూక్ హెచ్7, నల్ల రాజు సి8. ఏడో వరుస మూసేశారు కాబట్టి నల్ల రాజు ఎనిమిదో వరుసలోనే తిరగాలి. మీరు రాజుని డి6కి జరపండి. వాళ్ళు డి8కి వస్తే మీ రాజుకి ఎదురుగా నిలబడినట్టే: రూక్ హెచ్8, మేట్. వాళ్ళు బి8కి పారిపోతే మీరు సి6. అక్కడి నుంచి సి8కి వస్తే మళ్ళీ రూక్ హెచ్8 మేట్, ఏ8కి వెళితే మీరు బి6. ఇప్పుడు వాళ్ళకి బి8 ఒక్కటే దారి. రూక్ హెచ్8, మేట్. సూత్రం ఒకటే: మీ రాజు వెంటాడుతుంది, రాజులు ఎదురెదురుగా నిలబడిన క్షణంలో రూక్ చెక్ ఇస్తుంది. ఎదురుగా నిలబడక చిక్కొస్తే రూక్‌ని అదే వరుసలో ఒక గడి పక్కకి జరపండి, ఎత్తు వాళ్ళకి వెళ్ళిపోతుంది.

రెండు రూక్‌లతో నిచ్చెన మేట్ అందరికీ వచ్చిందే, వదిలేస్తున్నాను. బిషప్, గుర్రం కలిపి చేసే మేట్ నేర్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. అది 33 ఎత్తుల దాకా పట్టవచ్చు. 2013లో జెనీవాలో మహిళల గ్రాండ్ ప్రీలో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ అన్నా ఉషెనినాకే ఆ మేట్ కుదరక 50 ఎత్తుల నియమం (యాభై ఎత్తులు బంటు కదలక, పావు పోక గడిస్తే డ్రా) కింద గేమ్ డ్రా అయింది. బ్లిట్జ్ కోసమైతే దాన్ని పక్కన పెట్టి ఆ సమయాన్ని రూక్ ఎండ్‌గేమ్‌లకి ఇవ్వండి.

వాళ్ళ చివరి బంటుని తినాలా, వద్దా?

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది తట్టదు.

ప్రత్యర్థి దగ్గర కదలగలిగే బంటు ఒకటి ఉన్నంతసేపు స్టేల్‌మేట్ కాదు. రాజుకి దారి లేకపోయినా బంటు కదలాలి కదా. కాబట్టి ఆ బంటు వల్ల ప్రమాదం లేకపోతే దాన్ని తినడానికి పరిగెత్తకండి, మేట్ పని చూసుకోండి. ఆ బంటు మరీ ముందుకి వచ్చేసి క్వీన్ అయ్యే దూరంలో ఉంటే అది వేరే సంగతి.

కానీ గడియారం వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. మీ టైమ్ అయిపోయినప్పుడు వాళ్ళ దగ్గర ఒంటరి రాజు మాత్రమే ఉంటే మీరు ఓడిపోరు, డ్రా అవుతుంది. అదే ఒక్క బంటు ఉన్నా ఓటమే, ఎందుకంటే ఆ బంటు ఎప్పటికైనా క్వీన్ కావచ్చు. అంటే మీకు ఇరవై సెకన్లుంటే వాళ్ళ బంటుని బతకనివ్వండి. మూడు సెకన్లే ఉండి ఇంక్రిమెంట్ లేకపోతే ముందు ఆ బంటుని తినేయండి, అర పాయింట్ చేతిలో పడుతుంది, మేట్ అవుతుందేమో ఆ తరవాత చూడొచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఏడాదిలో చాలా గేములు కాపాడుకుంటారు.

అలాగే ఒక క్వీన్ వచ్చాక రెండోది, మూడోది చెయ్యడం మానేయండి. బోర్డు నిండా క్వీన్లు ఉన్నప్పుడే స్టేల్‌మేట్లు ఎక్కువ జరుగుతాయి.

ఐదో అడుగు: రాజు-బంట్ల ఆటలో రాజే ముందు నడవాలి

బ్లిట్జ్‌లో ఇక్కడ జరిగే తప్పు దాదాపు ఒకటే: తొందరలో బంటుని తోసేయడం. బంటు వెనక్కి రాదు. రాజు బంటు ముందు ఉండాలి. తెల్ల రాజు ఇ6, బంటు ఇ5, నల్ల రాజు ఇ8. ఎత్తు ఎవరిదైనా తెలుపుదే గెలుపు. మీ ఎత్తే అయితే రాజు డి6, వాళ్ళు డి8, బంటు ఇ6, వాళ్ళు ఇ8, బంటు ఇ7, వాళ్ళు ఎఫ్7, రాజు డి7, ఇక బంటు క్వీన్ అయిపోతుంది. అంచు బంట్లు వదిలేస్తే, మీ రాజు ఆరో వరుసలో బంటుకి ముందు నిలబడిందంటే గెలిచినట్టే. ఇంకో గుర్తు: బంటు ఏడో వరుసలోకి చెక్ ఇవ్వకుండా వెళితే గెలుపు, చెక్ ఇస్తూ వెళితే సాధారణంగా డ్రా. పైన చెప్పిన ఎత్తుల్లో బంటు ఇ7కి వెళ్ళినప్పుడు నల్ల రాజు ఇ8లో ఉంది, చెక్ పడలేదు, అందుకే గెలిచాం.

ఏ, హెచ్ ఫైళ్ళలోని అంచు బంట్లకి ఈ సూత్రాలు పనిచెయ్యవు. వాళ్ళ రాజు మూలకి చేరితే డ్రా. మీకు బిషప్ కూడా ఉంటే, ఆ బిషప్ మూల గడి రంగుదే అయ్యుండాలి. ఏ8 తెల్ల గడి, హెచ్8 నల్ల గడి. తెలుపు ఆడుతూ మీకు హెచ్ బంటు, తెల్ల గళ్ళ బిషప్ మిగిలితే, వాళ్ళ రాజు హెచ్8లో కూర్చున్నాక మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు. కాబట్టి చివరి బంట్లు మారుతున్నప్పుడు ఏ బంటు మిగులుతుందో చూసుకోవాలి. పైన ఉన్నవాళ్ళు ఆ ఒక్క క్షణం చూడకే డ్రా చేసుకుంటారు.

వాళ్ళ రాజు మీ పాస్డ్ పాన్‌ని అందుకోగలదా అన్నది ఎత్తులు లెక్కపెట్టి చూడకండి, చతురస్రం ఊహించండి. బంటు సి4లో ఉంటే సి4, సి8, జి8, జి4 మూలలుగా ఒక చతురస్రం. మీరు ఆడాక వాళ్ళ రాజు అందులో అడుగు పెట్టలేకపోతే బంటు క్వీన్ అయినట్టే. ఒక సెకను పని.

ఆరో అడుగు: రూక్ ఎండ్‌గేమ్‌లు

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేవీ, ఎక్కువగా పాడయ్యేవీ ఇవే. ఇక్కడ గెలుపు పోయే తీరు కూడా తెలిసిందే: ఒక బంటు ఎక్కువ ఉందని ఇంకో బంటు కోసం రూక్‌ని దూరంగా పంపుతాం, వాళ్ళ రూక్ మన రెండో వరుసలో దిగి ఒక్కో బంటునీ ఏరుకుంటుంది. బంటు కన్నా రూక్ చురుకుదనం ముఖ్యం. మీ పాస్డ్ పాన్ వెనక రూక్‌ని పెట్టండి. వాళ్ళ పాస్డ్ పాన్ అయినా దాని వెనకే. వాళ్ళ రాజుని ఒక ఫైల్‌తో కోసేసి మీ బంటుకి దూరంగా ఉంచండి. ఈ మూడు పనులు తలచుకుంటే సగం ఎత్తులు ఆలోచించకుండానే వస్తాయి.

వీటితో పాటు ఒక పొజిషన్ మాత్రం కంఠతా రావాలి, లుసేనా. తెల్ల రాజు జి8, బంటు జి7, రూక్ ఇ1. నల్ల రాజు డి7, రూక్ హెచ్2. మీ రాజు బయటికి రావాలంటే వాళ్ళ చెక్కులు అడ్డం. చెయ్యాల్సింది: రూక్‌ని ఇ4కి, అంటే నాలుగో వరుసకి తెచ్చుకోవడం. ఇదే అసలు ఎత్తు. నలుపు హెచ్1లో ఎదురుచూస్తుంది. ఇక రాజు ఎఫ్7, వాళ్ళు ఎఫ్1 చెక్. రాజు జి6, జి1 చెక్. రాజు ఎఫ్6, ఎఫ్1 చెక్. రాజు జి5, జి1 చెక్. ఇప్పుడు రూక్ జి4. చెక్కులు అయిపోయాయి, బంటు క్వీన్ అవుతుంది. మధ్యలో ఉన్న ఏ ఫైల్ బంటుకైనా ఇదే దారి. అంచు బంటుకి కుదరదు. లీచెస్‌లో అభ్యాసం విభాగంలో ఈ పొజిషన్ కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు. చూసి అర్థం చేసుకోవడంతో ఆపకుండా, చెయ్యి తడబడకుండా వచ్చేదాకా ఆడండి.

మీరు రెండు మూడు బంట్లు ఎక్కువ ఉన్నప్పుడు వాళ్ళు రూక్‌ని ఊరికే ఇస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి ఆపండి. వాళ్ళ రాజుకి కదిలే గడి ఉందో లేదో చూడండి. లేకపోతే అది స్టేల్‌మేట్ వల.

మిగతావి త్వరగా: ఇద్దరికీ చెరో రంగు గళ్ళ బిషప్ మిగిలితే రెండు బంట్ల ఆధిక్యం కూడా చాలకపోవచ్చు, అందుకే పైన ఉన్నవాళ్ళు ఆ మార్పిడి వైపు వెళ్ళకండి. క్వీన్ ఎండ్‌గేమ్‌లో క్వీన్‌ని బోర్డు మధ్యలో పెడితే వాళ్ళ చెక్కులు సగం ఆగిపోతాయి. వాళ్ళ బంటు వాళ్ళ వైపు నుంచి ఏడో వరుసకి చేరి క్వీన్ కావడానికి ఒక్క గడి దూరంలో, పక్కనే రాజు తోడుగా ఉండి, మీ దగ్గర క్వీన్ ఉండి మీ రాజు దూరంగా ఉంటే: బి, డి, ఇ, జి బంట్ల మీద గెలుస్తారు, ఏ, సి, ఎఫ్, హెచ్ బంట్లయితే సాధారణంగా డ్రా. క్వీన్ కోసం పరుగు పెట్టేటప్పుడు ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

ఏడో అడుగు: చెయ్యి, మౌస్, ప్రీమూవ్

ప్రీమూవ్ అంటే ఎదుటివాళ్ళు ఆడకముందే మన ఎత్తు పెట్టి ఉంచడం. లీచెస్‌లో ఒకసారికి ఒక్క ప్రీమూవ్, దానికి టైమ్ పోదు. చెస్.కామ్‌లో వరసగా ఎన్నైనా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 0.1 సెకను పోతుంది. రెండుచోట్లా ఆడేవాళ్ళు ఈ తేడా తెలుసుకుని ఆడాలి.

ఎప్పుడు ప్రీమూవ్ పెట్టాలి? వాళ్ళు ఏం ఆడినా చెడనప్పుడు. వాళ్ళ రాజు అందుకోలేని బంటుని తొయ్యడం, పైన చెప్పినట్టు రాజుని సి6 వైపు నడిపించడం, ఖచ్చితంగా జరిగే మార్పిడిలో తిరిగి తీసుకోవడం. ఒంటరి రాజు పక్కన క్వీన్‌ని ప్రీమూవ్ చెయ్యకండి. వాళ్ళు మీరు అనుకున్న గడికి కాకుండా పక్క గడికి వెళితే క్వీన్ అయినా పోతుంది, స్టేల్‌మేట్ అయినా అవుతుంది.

సెట్టింగుల్లో బంటు నేరుగా క్వీన్ అయ్యేలా పెట్టుకోండి, ఆ చిన్న ఎంపిక పెట్టె వల్ల ఒక సెకను పోతుంది. ఫోన్‌లో ఆడేవాళ్ళకి వేలు జారడం పెద్ద సమస్య. పావుని లాగడం కన్నా పావుని తాకి, గడిని తాకి ఆడే పద్ధతి ఫోన్‌లో భద్రం. మౌస్‌తో అయితే లాగడమే వేగం. ఏదో ఒకటి ఎంచుకుని దానికే అలవాటు పడండి.

ఎదురుగా కూర్చుని ఆడే బ్లిట్జ్ టోర్నమెంట్లలో ఇంకో చిక్కు ఉంది. బంటు చివరి వరుసకి చేరబోతోందంటే క్వీన్ పావు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. బంటుని అలాగే వదిలి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. రూక్‌ని తలకిందులుగా పెట్టి క్వీన్ అనుకుంటే కుదరదు, ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాల ప్రకారం అది రూకే. 2017 కెనడా ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్‌లో నికొలాయ్ నొరిత్సిన్ సరిగ్గా ఇలాగే, సెకన్లలో ఆడుతూ, క్వీన్ కనిపించక రూక్‌ని తిరగేసి పెట్టారు. ఆర్బిటర్ (ఆట నిర్ణేత) దాన్ని రూక్‌గానే లెక్కించారు, ఆ గేమూ టైటిలూ ఎదుటి ఆటగాడు బాతోర్ సంబుయెవ్‌కి వెళ్ళాయి. క్వీన్ దొరకకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ని అడగడం మీ హక్కు. టెన్షన్‌లో అది గుర్తు రాదు, అందుకే గేమ్ మొదలవ్వక ముందే ఒక క్వీన్ మీ వైపు ఉందో లేదో చూసుకోండి.

ఎనిమిదో అడుగు: పోయిన వెంటనే ఏం చెయ్యాలి

గెలిచిన గేమ్ పోగొట్టుకున్న మరుక్షణం రీమ్యాచ్ నొక్కకండి. ఆ కోపంలో ఆడే గేమ్‌లో టైమ్ ఇంకా వేగంగా ఖర్చవుతుంది, ఎత్తులు ఇంకా తొందరగా పడతాయి. ప్రత్యర్థిని చాట్‌లో తిట్టడం వల్ల ఒరిగేదీ లేదు, గడియారం మీద గెలవడం నియమాల్లో ఉన్నదే, వాళ్ళు తప్పేమీ చెయ్యలేదు.

బాధ తాజాగా ఉన్నప్పుడే ఒక మంచి పని చెయ్యొచ్చు. మీరు గెలుస్తున్న చివరి పొజిషన్ దగ్గరికి వెళ్ళి, లీచెస్‌లో అయితే 'ఇక్కడి నుంచి ఆడు' అన్న వీలుతో కంప్యూటర్ మీద అదే ఆటని మళ్ళీ ఆడండి. ముందు గడియారం పెట్టుకోకుండా గెలవండి. ఆడలేకపోతే మీకు పద్ధతి రాదని తేలింది, విశ్లేషణ తెరిచి చూడండి. బోర్డు మీద రాజులు, బంట్లతో కలిపి ఏడు, అంతకన్నా తక్కువ పావులుంటే అక్కడి టేబుల్‌బేస్ ప్రతి ఎత్తు ఫలితం కచ్చితంగా చెబుతుంది. గెలవగలిగితే సమస్య టైమ్‌ది. ఐదారు నిమిషాల్లో కోపం కాస్త దిగుతుంది, పైగా ఆ పొజిషన్ మళ్ళీ వచ్చినప్పుడు చెయ్యి గుర్తుపడుతుంది. రెండు గేములు ఇలా వరసగా పోతే ఆ రోజుకి బ్లిట్జ్ ఆపేయండి. పజిల్స్ చేసుకోండి, లేదా నిద్రపోండి.

తొమ్మిదో అడుగు: వారానికో గంట అభ్యాసం

గంట చాలు, కానీ అది వదలకూడదు. మొదటి ఇరవై నిమిషాలు క్వీన్ మేట్, రూక్ మేట్, లుసేనా. ఒక్కోటీ కంప్యూటర్ మీద ముందు నిమిషంలో చెయ్యండి, వస్తే ముప్పై సెకన్లలో, తరవాత పదిహేను సెకన్లలో. రాజుల చోటు ప్రతిసారీ మార్చండి, లేకపోతే ఒక పొజిషన్ మాత్రమే కంఠతా వస్తుంది. తరవాత ఇరవై నిమిషాలు లీచెస్ పజిల్స్‌లో రూక్ ఎండ్‌గేమ్, బంట్ల ఎండ్‌గేమ్ అంశాలు ఎంచుకుని చెయ్యండి. ఇక్కడ తొందర వద్దు, సరైన ఎత్తు ఎందుకు సరైనదో తెలియాలి.

మిగిలిన ఇరవై నిమిషాలు ఒక స్నేహితుడితో గడపండి. ఒక బంటు ఎక్కువ ఉన్న రూక్ ఎండ్‌గేమ్ ఏదైనా బోర్డు మీద పెట్టుకుని, ఒక్కొక్కరికీ ఒక నిమిషం, ఎత్తుకి ఒక సెకను ఇంక్రిమెంట్‌తో ఆడండి. అయ్యాక వైపులు మార్చుకుని అదే పొజిషన్ మళ్ళీ ఆడండి. బలహీనమైన వైపు ఆడినప్పుడు ఎదుటివాళ్ళని ఏ ఎత్తులు చిరాకు పెడతాయో, ఎక్కడ స్టేల్‌మేట్ వల వెయ్యొచ్చో మీకే తెలుస్తుంది. ఊళ్ళో తోడు దొరకకపోతే లీచెస్‌లో అదే పొజిషన్‌తో స్నేహితుడికి ఛాలెంజ్ పంపే వీలుంది. లింక్ ఇస్తే చాలు, ఎక్కడున్నా ఆడతారు.